రేవుగుంటకు రావలసిన పాయింటు

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది అన్న రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానం చెప్పుకోవాలి. జరిగింది రేవుగుంట పట్టణంలోని బాల్ బ్యాడ్మింటన్ అభిమానులకు. జరిగిన తీరు ఇది.

ముప్పయ్యెనిమిదేళ్ళ క్రితం, ఫిబ్రవరి నెల రెండో ఆదివారం, పురపాలక క్రీడా ప్రాంగణంలో ఫైనల్ జరుగుతున్నది. ఒకవైపు రేవుగుంట, మరొకవైపు పొదలపూడి. చెరొక గేమ్ గెలిచి ఉన్నారు. మూడో గేమ్‌లో రేవుగుంటకు ఇరవై ఎనిమిది, పొదలపూడికి ఇరవై ఆరు. ఇరవై తొమ్మిదో పాయింటు వస్తే కప్పు. సర్వీసు రేవుగుంటది. పసుపు ఊలు బంతి ఖాదర్ బాషా చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడు, సాయంత్రం అయిదూ నలభైకి, ముఖ్య అతిథి గారికి రైలు వేళయిందని వేదిక మీద ఎవరో గుర్తు చేశారు.

ఆట ఆపారు. ముందు బహుమతి ప్రదానం, తరువాత మిగిలిన ఆట అని నిర్ణయించారు. అయితే పూర్తికాని ఆటకు కప్పు ఎవరికివ్వాలి? నిర్వాహక సంఘం కార్యదర్శి క్షణం కూడా తడుముకోలేదు. మనం పిలిచినవాళ్ళం, పొదలపూడి వారు పిలిస్తే వచ్చినవారు, భోజనమైనా బహుమతైనా అతిథులకే కదా ముందు వడ్డించేది అన్నారు. సభ హర్షించింది. కప్పు పొదలపూడి కెప్టెన్ చేతిలో పెట్టారు. వందన సమర్పణ అయింది. అలవాటు ప్రకారం జాతీయగీతం పాడారు. ఆ తరువాత ఖాదర్ బాషా బంతి తీసుకుని గీత దగ్గరకు వెళ్ళి నిలబడితే పెద్దలందరూ అతన్ని వింతగా చూశారు. జనగణమన అయిపోయాక ఇంకా ఆడడమేమిటి? నెట్ విప్పేశారు.

రేవుగుంటకు రావలసిన ఆ ఒక్క పాయింటు రాలేదు.

ఊరు ఆ దెబ్బను తలా ఒక తీరుగా మింగింది. కొందరు క్రికెట్‌కు మళ్ళి, అక్కడ ఓడినప్పుడల్లా అలవాటైన చోటే నొప్పి పుడుతోందని తెలుసుకున్నారు. మార్కెట్ వీధిలో ఒక వకీలు గారు పసుపు రంగు చూడలేక పులిహోర మానేశారు. ఖాదర్ బాషా బ్యాటు అటక మీద పెట్టి కుట్టు మిషన్ ముందు కూర్చున్నాడు. కాలం గడిచేకొద్దీ చాలామంది మరచిపోయారు. మరచిపోనివారు ఒక్కరే మిగిలారు. ఆమె తాళ్ళూరి సలోమి గారు.

సలోమి గారికి అప్పుడు ముప్పయ్యేళ్ళు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. పన్నెండో ఏట నుంచీ కోర్టు పక్కన ఆడవాళ్ళ బెంచీ మీద మొదటి చోటు ఆమెదే. ఆమె చదివిన కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ గారు పిల్లలకు ఒక పద్ధతి నేర్పారు. మార్కు తప్పు పడితే ఏడవకూడదు, పేపరు పట్టుకుని వెళ్ళి మళ్ళీ దిద్దించుకోవాలి. ఆ పద్ధతిలోనే సలోమి గారు ప్రతి ఫిబ్రవరిలో క్రీడాశాఖకు ఒక అర్జీ పంపుతూ వచ్చారు. "అయ్యా, ఆట పూర్తికాలేదు. దయచేసి పూర్తి చేయించండి." అంతే. ప్రతి ఏప్రిల్‌లోనూ జవాబు వచ్చేది. "తమ అర్జీ పరిశీలనలో ఉన్నది." ఈ ప్రకారం ముప్పయ్యెనిమిది అర్జీలు, ముప్పయ్యెనిమిది పరిశీలనలు జరిగాయి.

ఇట్లా ఉండగా రాజధానిలో ఒక సర్వే జరిగింది. అభిమాన జట్టు ఓడిన మరునాడు ప్రజలు పనికి రావడం లేదనీ, వచ్చినా కిటికీలోంచి బయటకు చూస్తున్నారనీ అందులో తేలింది. ప్రభుత్వం వెంటనే కదిలి "క్రీడాభిమానుల మనోవేదన నివారణ పథకం" ప్రవేశపెట్టింది. జిల్లాకొక ఊరట కేంద్రం. కేంద్రానికొక ఊరట అధికారి. రేవుగుంటలో అందుకు తగిన స్థలం క్రీడా ప్రాంగణంలోని బాల్ బ్యాడ్మింటన్ కోర్టు ఒక్కటే కనిపించింది. ఆట ఉన్నచోటే ఓటమి పుడుతుంది కనుక కోర్టును తీసివేయడం కూడా నివారణ కిందికే వస్తుందని అధికారులు సబబుగానే ఆలోచించారు. కోర్టు చదును చేసి, సిమెంటు నేల పోసి, పైన రేకుల కప్పు వేసి, లోపల పన్నెండు సోఫాలు వేశారు.

ఊరట అధికారిగా పినాకపాణి గారు వచ్చారు. ఆయన పొడవైన మనిషి, పొడవైన వాక్యాలు మాట్లాడేవారు. కేంద్రం తెరచిన నెలరోజులకు ఆయనకు ఒక కష్టం ఎదురైంది. ఊరట పొందడానికి ఎవరూ రాలేదు. రేవుగుంటకు ఇరవై ఏళ్ళుగా ఏ ఆటలోనూ జట్టే లేదు. జట్టు లేని ఊళ్ళో గుండె పగిలే అవకాశం ఎక్కడిది? మార్చి నెలాఖరులోగా కనీసం ఒక్క లబ్ధిదారునైనా ఊరడించకపోతే కేంద్రం మూసివేయబడుతుందనీ, అధికారి విరిగిన క్రీడా సామగ్రి నిల్వచేసే గోదాముకు బదిలీ చేయబడతారనీ పైనుంచి మెమో వచ్చింది.

పినాకపాణి గారు క్రీడాశాఖ పాత దస్త్రాలు తిరగేశారు. మూడో బీరువాలో ముప్పయ్యెనిమిది అర్జీలు దొరికాయి. ఆయన వాటిని గుండెకు హత్తుకున్నారు.

మరునాడు ఉదయమే ఆయన స్టేషన్ రోడ్డులోని సలోమి గారి ఇంటికి వెళ్ళారు. వెంట ఊరట సహాయకురాలు హిమజ ఉంది. మూడు రోజుల శిక్షణ పొంది, కాంట్రాక్టు మీద చేరిన అమ్మాయి.

"మేడమ్," అన్నారు పినాకపాణి గారు నిలబడే, "తమరు గత ముప్పయ్యెనిమిది సంవత్సరాలుగా నిరంతరాయంగా అనుభవించుచున్న మనోవేదనను ప్రభుత్వం గుర్తించియున్నది. జిల్లాలో లిఖితపూర్వక ఆధారము కలిగిన ఏకైక భగ్నహృదయులు తమరే."

"కూర్చోండి," అన్నారు సలోమి గారు. "ఆట ఎప్పుడు పెడుతున్నారు?"

"ఆట గాదు మేడమ్. ఊరట."

హిమజ ముందుకు వంగి, శిక్షణలో చెప్పినట్టు గొంతు తగ్గించింది. "మీ బాధ నాకు అర్థమవుతోందండీ."

"సంతోషం. ఏమర్థమైందో చెప్పమ్మా."

హిమజ తెల్లముఖం వేసింది. "అది శిక్షణలో చెప్పలేదండీ."

"ఒకటే పాయింటమ్మా. మాకు రావలసింది. ఊరటలు నాకు అక్కరలేదు. వంద ఊరటలైనా ఒక పాయింటు కాదు."

"కేంద్రానికి వచ్చి, పూర్తిగా ఊరట చెందితిని అని ఒక్క సంతకము చేసినచో చాలును," అన్నారు పినాకపాణి గారు.

"సంతకం చేస్తే నా అర్జీలు ఏమవుతాయి?"

"శాశ్వతంగా ముగింపబడును."

సలోమి గారు లేచి తలుపు బార్లా తెరిచారు. ఎండ లోపలికి వచ్చింది, అతిథులు బయటికి వెళ్ళారు.

పినాకపాణి గారు వెనక్కు తగ్గే మనిషి కారు. సంతకం తరువాత చూసుకోవచ్చు, ముందు నమోదు చేద్దామని దరఖాస్తు పత్రం తానే నింపడం మొదలుపెట్టారు. పేరు రాశారు, వయసు రాశారు, వేదన తీవ్రత దగ్గర "అమితం" అని రాశారు. ఏడో గడి దగ్గర కలం ఆగింది. అక్కడ "ఓటమి తేదీ" అని ఉంది.

ఓటమి ఎప్పుడు జరిగింది? ఆట పూర్తికాలేదు. పూర్తికాని ఆటలో ఓటమి లేదు. పినాకపాణి గారు ప్రధాన కార్యాలయానికి రాసి అడిగారు. వారంలో జవాబు వచ్చింది. ఆ జవాబు ఆధారంగా సలోమి గారికి ఒక నోటీసు వెళ్ళింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమ అభిమాన జట్టు సదరు ఆటలో ఓడినట్లు ఎట్టి ఆధారములు లేవు. ఓటమి లేనిచోట మనోవేదన చెల్లదు. అట్టి యెడల తమరు ముప్పయ్యెనిమిది సంవత్సరములు అనర్హముగా వేదన అనుభవించినట్లు తేలుచున్నది. ఇందులకు తమపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

సలోమి గారు నోటీసు రెండుసార్లు చదివారు. అచ్చుతప్పులు రెండు ఎర్ర కలంతో దిద్దారు. తరువాత గొడుగు తీసుకుని ఊరట కేంద్రానికి నడిచారు.

రేకుల కప్పు కింద వేడి సలసలమంటోంది. ఒక మూల ఖాదర్ బాషా నేల మీద కూర్చుని సోఫాలకు గలీబులు కుడుతున్నాడు. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర ఉన్నాయి. సలోమి గారిని చూసి లేవబోయాడు.

"కూర్చో ఖాదరూ. నువ్వు కూర్చున్నది ఎక్కడో తెలుసునా?"

"తెలుసక్కా," అన్నాడు ఖాదర్ నేల వైపు చూస్తూ. "సర్వీసు గీత మీద. పని ఒప్పుకున్న రోజునే కొలుచుకున్నా."

లోపల పినాకపాణి గారు బల్ల వెనుక ఉన్నారు. సలోమి గారు నోటీసు బల్ల మీద పరిచారు.

"ఇందులో మా జట్టు ఓడలేదని రాసి ఉంది. నిజమేనా?"

"నిస్సందేహంగా నిజము. దస్త్రముల ప్రకారము రేవుగుంట ఓడియుండలేదు."

"అయితే కింద మీ సంతకం లేదే? గుమాస్తా చేసింది ఉంది. మీరు చేయండి."

పినాకపాణి గారు సంతకం చేశారు. ముద్ర కూడా వేశారు. నోటీసు మడిచి చేతిసంచిలో పెట్టుకున్న తరువాత గాని సలోమి గారు మాట్లాడలేదు.

"ముప్పయ్యెనిమిదేళ్ళలో మేము ఓడలేదని ప్రభుత్వం ఒప్పుకోవడం ఇదే మొదలు. ఇక నా సంజాయిషీ. నేను వేదన పడ్డానని ఏ అర్జీలోనైనా రాశానా? చూపించండి. ఆట పూర్తి చేయించమన్నాను. వేదన మీరు అంటగట్టింది."

పినాకపాణి గారు ముప్పయ్యెనిమిది అర్జీలూ మళ్ళీ చదివారు. ఎక్కడా వేదన లేదు. అనర్హురాలైన లబ్ధిదారు అసలు దరఖాస్తుదారే కాకుండా పోయింది. ఆయనకు గోదాము తలుపులు కళ్ళముందు తెరుచుకున్నాయి.

ఆ సంక్షోభంలోంచే ప్రధాన కార్యాలయానికి గొప్ప ఆలోచన తట్టింది. ఓటమి లేనిదే వేదన లేదు, వేదన లేనిదే ఊరట లేదు, ఊరట లేనిదే కేంద్రం లేదు. కనుక ఓటమిని సమకూర్చాలి. ఆట ఆగిన చోటు నుంచి, ఆగిన స్థితిలో, ఆగిన వేళకు మళ్ళీ మొదలుపెట్టి, రేవుగుంటను పూర్తిగా ఓడించాలి. అప్పుడు సలోమి గారి గుండె నిబంధనల ప్రకారం పగులుతుంది. పగిలిన వెంటనే, మార్చి ముప్పయ్యొకటి సాయంత్రంలోపు, ఊరడించవచ్చు. "అసంపూర్ణ ఓటమిని సంపూర్ణము చేయు ఉత్తర్వు" అనే పేరుతో ఆజ్ఞ వెలువడింది. తేదీ మార్చి ముప్పయ్యొకటి, సాయంత్రం అయిదూ నలభై.

అసలు ఆటగాళ్ళే ఆడాలన్నది నియమం. రేవుగుంట అయిదుగురిలో నాగిరెడ్డి గారు పదకొండేళ్ళ క్రితం కాలం చేశారు. ఆయన పేర కూడా ఆజ్ఞ వెళ్ళింది. జవాబు రాకపోయేసరికి గైర్హాజరుకు సంజాయిషీ కోరుతూ మెమో వెళ్ళింది. ఆయన భార్య మెమో వెనుక "వారు చిరునామా మార్చినారు" అని రాసి పంపింది. కొత్త చిరునామా తెలుపవలెనని ఇంకొక మెమో తయారవుతుండగా హిమజ అడ్డుపడి విషయం చెప్పింది. పొదలపూడిలోనూ ఒకాయన కంటి ఆపరేషన్ చేయించుకుని పడుకున్నాడు. అటు నలుగురు, ఇటు నలుగురు తేలారు.

పొదలపూడి వారు అసలు వస్తారా అన్నది సలోమి గారి భయం. రాకపోతే ఉత్తర్వు చచ్చిపోతుంది, పాయింటు మళ్ళీ పరిశీలనలో పడుతుంది. ఆమె బస్సెక్కి స్వయంగా వెళ్ళారు.

ఆనాటి కెప్టెన్ మద్దాల వీరభద్రుడు గారు లారీ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఉన్నారు. జుట్టు మొత్తం తెల్లబడింది. ఆమె పేరు చెప్పగానే ఆయన లేచి నిలబడ్డారు.

"ఆడవాళ్ళ బెంచీ మీద మొదటి చోటు మీదే గదమ్మా. నాకు గుర్తుంది. నేను కప్పు తీసుకుంటుంటే మీరు చూసిన చూపు కూడా గుర్తుంది."

"గుర్తుంటే మంచిదే. ముప్పయ్యొకటికి వస్తారా?"

"రాకపోవడమేంటమ్మా! ఈ ఊళ్ళో నా పేరేంటో తెలుసా? అడ్వాన్సు వీరభద్రుడు. ఆడకుండానే కప్పు ముందుగా పుచ్చుకున్నోణ్ణని. నా పెళ్ళిలో అన్నారు. మొన్న మనవరాలి బారసాలలో గూడా అన్నారు. లారీవాళ్ళకు కిరాయి అడ్వాన్సు ఇమ్మంటే నవ్వుతారు, నీకు అలవాటే గద మావా అని."

"ఆ రోజు తీసుకోనని చెప్పి ఉండవలసింది."

"అతిథులకు ముందు అన్నారమ్మా. వడ్డించిన విస్తరి కాదంటే బాగుంటదా అని చెయ్యి చాపా. జనగణమన అయ్యాక ఇంకేం చెయ్యాలో తోచలా." ఆయన తల దించుకున్నారు. "మీ ఊరికి మా ఊరు ఒక పాయింటు బాకీ. అది ఉన్నంత కాలం ఆ కప్పులో నీళ్ళు పోసుకుని తాగినా గొంతు దిగదు."

తిరుగు బస్సుకు వేళయింది.

ముప్పయ్యొకటి మధ్యాహ్నం సోఫాలు బయట ఎండలో పెట్టారు. సిమెంటు నేల మీద గీతలు గీయడానికి సున్నం లేక, ఖాదర్ బాషా బట్టల మీద గీతలు గీసే సుద్దతోనే, టేపు పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ కోర్టు మొత్తం గీశాడు. గీత పూర్తయ్యాక సలోమి గారి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, నీకొక మాట చెప్పాలి. నాకు మెమో ఇచ్చారు."

మెమోలో ఇట్లా ఉంది. "సర్వీసు చేయువారు తమ ఓటమి బాధ్యతను సక్రమముగా నిర్వర్తించవలెను. అలసత్వము చూపిన యెడల గలీబుల పని నుండి తొలగింపబడుదురు."

"ఇంట్లో ఆ పని మీదే నడుస్తుందక్కా," అన్నాడు ఖాదర్. "గెలవొద్దని రాతపూర్వకంగా చెప్పాక గెలిస్తే ఎట్టా?"

సలోమి గారు మెమో మడిచి అతని చొక్కా జేబులో తిరిగి పెట్టారు.

"నీ పని పోగొట్టమని నేను అడగను ఖాదరూ. నీ ఇల్లు నీకు తెలుసు. ఓడిపోతే నేను ఒక్క మాట అనను. కానీ నేను అడిగింది గెలుపు కాదు. ఆట."

ఖాదర్ బ్యాటు తీసుకుని వెళ్ళాడు.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. అంపైర్ ఎవరు? ఆనాటి అంపైర్ బతికి లేరు. హిమజ నియామక పత్రంలో "అవసరాన్ని బట్టి ఇతర విధులు" అని ఉందని పినాకపాణి గారు కనిపెట్టి, ఆమెను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టారు.

అయిదూ నలభై అయింది. రేకుల కింద ముప్పై నలభై మంది చేరారు. వకీలు గారు కూడా వచ్చారు. హిమజ కాగితం చూసి చదివింది. "రేవుగుంట ఇరవై ఎనిమిది. పొదలపూడి ఇరవై ఆరు. సర్వీసు రేవుగుంట. ఆడండి... అండీ."

ఖాదర్ బాషా గీత దగ్గర నిలబడ్డాడు. బంతిని నెట్‌లోకి కొట్టాలని మనసులో తీర్మానించుకున్నాడు. మనసు చెప్పింది చేతికి అందలేదు. వేల సర్వీసులు చేసిన చెయ్యి అది, దానికి మెమో ఇవ్వడం ఎవరికీ తోచలేదు. బంతి నెట్‌కు రెండంగుళాల పైనుంచి బాణంలా వెళ్ళింది. అవతల వీరభద్రుడు గారు అడుగు ముందుకు వేసి, సులువైన ఆ బంతిని, కళ్ళు మూసుకుని, నెట్ అడుగుకు కొట్టారు.

పాయింటు రేవుగుంటది. ఎవరో చప్పట్లు కొట్టబోయారు.

"చెల్లదు!"

ఆ గొంతు సలోమి గారిది. ఆమె లేచి నిలబడ్డారు. అదే క్షణంలో ఇంకొక మూల నుంచి పినాకపాణి గారు కూడా "చెల్లదు!" అని అరిచారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వారిద్దరి మధ్య అభిప్రాయం కలవడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఉత్తర్వుకు విరుద్ధంగా గెలుపు సంభవించినది గావున చెల్లదు," అన్నారు పినాకపాణి గారు.

"గెలుపు సంభవించలేదు గనుక చెల్లదు," అన్నారు సలోమి గారు. ఆమె గీత దాకా నడిచి వచ్చారు. "ఒకరు ఓడాలని వచ్చారు. ఒకరు దయ తలచడానికి వచ్చారు. ఇక్కడ ఆడింది ఎవరు? వీరభద్రుడు గారూ, ఆ రోజు కప్పు మర్యాదకు తీసుకున్నారు. ఇవాళ పాయింటు మర్యాదకు ఇస్తున్నారు. మీ మర్యాదలతోనే ఇంతదాకా వచ్చింది. ఇచ్చిన పాయింటు నాకొద్దు. తీసుకోవలసింది కావాలి."

"అమ్మా, బాకీ తీర్చేద్దామనే..."

"బంతి నెట్‌లోకి విసిరితే తీరుతుందా? ఆ రోజు కొట్టినట్టు కొట్టండి. గెలిస్తే మీరే గెలవండి. సర్వీసు తీసుకుని, ఇంకో మూడు పాయింట్లు కొట్టి, కప్పు దర్జాగా ఇంటికి తీసుకుపోండి. నేను ఇంటికి వెళ్ళి, ఓడాం అనుకుని, అన్నం తిని పడుకుంటాను. అది కూడా నాకు రావలసిందే. ముప్పయ్యెనిమిదేళ్ళుగా సరిగ్గా ఓడిపోయే భాగ్యం కూడా లేదు మాకు."

పినాకపాణి గారు "ఓడుట భాగ్యము" అన్న మాట పథకం ప్రచారానికి పనికివస్తుందేమోనని రాసుకున్నారు.

వీరభద్రుడు గారు పంచె విప్పి, లోపల ఉన్న పాత నిక్కరుతో నిలబడ్డారు. బ్యాటు చేతిలో తిప్పి చూశారు. "ఖాదర్ సాబ్," అన్నారు, గొంతు మారింది. "నా ఎడమవైపు వెయ్యమాక. ఇప్పుడు గూడా తిరగ్గొడతా."

ఖాదర్ కళ్ళద్దాలు తీసి గోడ పక్కన పెట్టాడు. జేబులోని మెమో కూడా తీసి, ఎగిరిపోకుండా కళ్ళద్దాల కింద పెట్టాడు. "అక్కడికే వేస్తా కెప్టెనూ. కాసుకో."

"తిరిగి సర్వీసు," అంది హిమజ. ఆమె స్టూలు అంచుకు జరిగింది.

బంతి వీరభద్రుడు గారి ఎడమవైపుకే వెళ్ళింది. ఆయన అన్నంత పనీ చేశారు. బంతి గుండులా తిరిగి వచ్చింది. ఖాదర్ వెనక్కు ఉరికి తీశాడు. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది. ఎనిమిది మంది ముసలివాళ్ళు, ఒక్కొక్కరికీ రెండేసి మోకాళ్ళ నొప్పులు, ఊపిరి కొలిమితిత్తుల్లా కొట్టుకుంటోంది, ఒక్కరూ బంతిని వదలడం లేదు. పన్నెండో దెబ్బకు వకీలు గారు కుర్చీ మీదకు ఎక్కారు. పదిహేనో దెబ్బకు పినాకపాణి గారు తనకు తెలియకుండానే "మన ఎడమ, మన ఎడమ!" అని అరిచి, వెంటనే నోరు మూసుకున్నారు.

పంతొమ్మిదో దెబ్బ వీరభద్రుడు గారిది. ఒళ్ళంతా విల్లులా వంచి స్మాష్ కొట్టారు. ఖాదర్ నేలకు జానెడు ఎత్తున బ్యాటు పెట్టాడు. బంతి మెల్లగా లేచింది, నెట్ అంచును తాకీ తాకనట్టు దాటింది, అవతల జారింది. వీరభద్రుడు గారు ఆగలేదు. అరవై అయిదేళ్ళ మనిషి, సిమెంటు నేల మీద, నిలువునా ముందుకు దూకారు. బ్యాటు అంచు బంతికి నాలుగు వేళ్ళ దూరంలో నేలను తాకింది. బంతి కింద పడి, కొంచెం దొర్లి, ఆగింది.

హిమజ గొంతు తడబడలేదు. "రేవుగుంట ఇరవై తొమ్మిది."

పినాకపాణి గారు కుర్చీలో కూలబడ్డారు. దరఖాస్తు పత్రం తిరగేశారు. గెలిచినవారికి వేదన వర్తించదు. అంతలో ఆయన ముఖం వెలిగింది. ఓటమి మాత్రం జరిగింది! అచ్చమైన ఓటమి, సాక్షుల ఎదుట, ఆర్థిక సంవత్సరం చివరి రోజున! ఆయన లబ్ధిదారులకిచ్చే ఊరట సంచి పట్టుకుని వీరభద్రుడు గారి దగ్గరకు పరుగెత్తారు. నేల మీద కూర్చుని రొప్పుతున్న ఆయన ఒళ్ళో సంచి పెట్టి, పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"అయ్యా, తమరు ఓడినారు. తమ గుండె పగిలినదని భావించవచ్చునా?"

"ఆగండి సార్, ముందు ఊపిరి రానీండి," అన్నారు వీరభద్రుడు గారు. ఆయన పెదవుల మీద నవ్వు ఆగడం లేదు.

సలోమి గారు కోర్టు దాటి అవతలికి వచ్చారు. ఎవరినీ అభినందించలేదు.

"మోకాలు చూపించండి," అన్నారు.

వీరభద్రుడు గారు కాలు చాపారు. సలోమి గారు వంగి శ్రద్ధగా చూశారు. కుడి మోకాలి చర్మం రూపాయి బిళ్ళంత లేచిపోయింది. సిమెంటు పొడి అంటుకుని ఉంది. రక్తం సన్నగా కారుతోంది. పడినట్టు నటించినవాడికి తగిలే దెబ్బ కాదది.

ఆమె ఊరట సంచి తెరిచారు. అందులో తెల్లటి కొత్త రుమాలు ఒకటి, మూలన ప్రభుత్వ ముద్రతో, మడత విప్పకుండా ఉంది.

"మేడమ్, ఆ రుమాలు కన్నీటి నిమిత్తము మాత్రమే మంజూరైనది," అన్నారు పినాకపాణి గారు.

సలోమి గారు రుమాలు దులిపి, కోణంగా మడిచి, ఆ మోకాలికి చుట్టి గట్టిగా ముడి వేశారు.

"మా పాయింటు మాకు ముట్టింది వీరభద్రుడు గారూ," అన్నారు. "పూర్తిగా ముట్టింది. మీ ఊరు మా ఊరికి ఇంకేమీ బాకీ లేదు."